ఖిత్స్ బాబాయ్ లెక్క

పోయిన సోమవారం ఒకాయన మా ప్రెస్సుకు పెద్దకర్మ కార్డు వేయించడానికి వచ్చాడు. నరసరావుపేటలో ఇరవై రెండేళ్ళ నుంచి ఈ ప్రెస్సు నడుపుతున్నాను. పెళ్ళికార్డు వేయించేవాళ్ళు అక్షరం అక్షరానికీ నా ప్రాణం తీస్తారు. కర్మకార్డు వాళ్ళు ఫోటో ఇచ్చి, మామూలుగా వేయండి అని కుర్చీలో కూలబడతారు. ఈయనా అంతే. "మా మావయ్యండీ, నిద్రలోనే పోయాడు" అని ఒక పాస్‌పోర్టు ఫోటో కౌంటరు మీద పెట్టాడు. చూడగానే గుర్తుపట్టాను.

ఫోటోలో ఆయన పైగుండీ దాకా పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. చూపు మాత్రం కెమెరాలోకి లేదు. ఫోటో తీసేవాడి భుజం మీదుగా వెనక ఎవరినో చూస్తున్నాడు. బతికున్నప్పుడు ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు కూడా అలాగే చూసేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మనతో మాట్లాడుతూ మన వెనక చూడటమేమిటి? రెండుమూడు సార్లు నేను వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ ఉండేవారు కాదు.

ఆయన పేరు నేను మొదటిసారి చదివింది ఆ కార్డు చిత్తుకాపీలోనే. పద్నాలుగేళ్ళు బాబాయ్ అని పిలిచాను, పేరుతో పనిపడలేదు. ఇక్కడా రాయను. ఊరి పేరూ బిలం పేరూ కూడా రాయను, కారణం మీకే తెలుస్తుంది. గురజాల దాటాక నాపరాళ్ళ గుట్టల్లో ఒక బిలం ఉందనీ, ఆయన జనాన్ని అందులోకి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడనీ అనుకోండి, చాలు.

ఆయన్ని గైడు అంటే ఒప్పుకునేవాడు కాదు.

"గైడంటే పదో తరగతి పిల్లోళ్ళు కొనుక్కునేది. అందులో ఆన్సర్లుంటయ్. నాకాడ ఏమున్నయ్? నేను ఖిత్సుని" అనేవాడు.

ఆ మాట పలకాలంటే గొంతులో చేపముల్లు గుచ్చుకున్నవాడు దాన్ని బయటికి లాక్కుంటున్నట్టు ఖ అనాలి. అక్కడి జనానికి ముందు నవ్వొచ్చింది, తర్వాత అలవాటైపోయి ఖిత్స్ బాబాయ్, ఖిత్స్ తాత అని పిలవడం మొదలుపెట్టారు. ఎప్పుడో ఆయన నాపరాయి క్వారీలో పని మానేసిన కొత్తలో హాలండు నుంచి ఒకావిడ వచ్చిందట. బౌద్ధ స్తూపాలు చూడటానికి వచ్చి, దారి తప్పి ఈ బిలం దగ్గర తేలింది. తొమ్మిది రోజులు స్కూలు గదిలో దిగి, రోజూ ఆయన వెంట లోపలికి వెళ్ళి, దారులన్నీ కాగితం మీద గీసుకుంది. వెళ్ళేటప్పుడు ఒక నకలు ఆయనకిచ్చింది. దాంతోపాటు ఈ మాట కూడా ఇచ్చింది.

ఆ మాటను ఆయన ఎంత అపురూపంగా దాచుకున్నాడో చెప్పలేను. వాళ్ళ దేశంలో ముందు నడిచి దారి చూపించే మనిషి ఖిత్స్. దారి చూపించే పుస్తకం కూడా ఖిత్సే. టీవీలో ఏ కార్యక్రమం ఎప్పుడొస్తుందో చెప్పే కాగితాన్నీ అదే అంటారు. దారి చూపించడమనే పనికి కూడా అందులోంచే పుట్టిన మాట ఉంది. నాకు అనుమానం వచ్చి ఒకసారి ఫోన్లో వెతికి చూశాను. ఆయన చెప్పినవన్నీ నిజమే. ఆ మాటా, ఇంగ్లీషువాళ్ళ గైడూ ఫ్రెంచివాళ్ళ ఇంటి నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళేనని తెలిసింది. ఆ సంగతి చెబితే ఆయన మొహం ముడుచుకున్నాడు. తన మాటకు గైడుతో చుట్టరికం ఉండటం ఆయనకు నచ్చలేదు.

అన్నిటికన్నా ఆయనకు నచ్చింది టెలిఫోన్ నంబర్ల పుస్తకాన్ని కూడా ఖిత్స్ అంటారన్న సంగతి.

"ఊళ్ళో మనుషులందర్నీ వరసన పెట్టి, ఎవరు యాడుంటారో చెప్పే పుస్తకమంట అమ్మాయ్. అట్టాంటిది ఉన్న ఊళ్ళో ఇంక మనిషి తప్పిపోడు గదా?"

"ఇప్పుడా పుస్తకాలు ఎవరూ వేయట్లేదు బాబాయ్. అన్నీ ఫోన్లలోనే ఉంటున్నాయి."

"మరి ఫోన్ లేనోడు?"

ఏదో సరదాగా అన్నాడనుకున్నాను. ఆ రోజు సాయంత్రం నేను బస్సెక్కేటప్పుడు మళ్ళీ అదే అడిగాడు. నిజంగానే బెంగపెట్టుకున్నాడు.

నేను మొదటిసారి బిలానికి వెళ్ళింది మా ఆడపడుచు కుటుంబంతో. మొత్తం అయిదుగురం. బయట రాళ్ళు కాలిపోతున్నాయి, లోపల అడుగు పెట్టగానే మెడ మీద తడిగుడ్డ వేసినట్టయింది. గబ్బిలాల వాసన. కొంతదూరం వంగి నడవాలి, కొంతదూరం పాకాలి. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర బయటివైపుకు మొహం పెట్టి విడిచి, ముందు నడిచాడు. టార్చిలైటు మాత్రం వెనక్కి పట్టుకున్నాడు. వెలుగంతా మా కాళ్ళ ముందు పడుతోంది, ఆయన ముందు కటిక చీకటి. ఆ చీకట్లోకి ఆయన వంటింట్లోకి వెళుతున్నట్టు నడిచిపోయాడు.

"ముందు చూసుకో బాబాయ్, గుద్దుకుంటావ్" అన్నాను.

"ముందున్నది నాకు తెల్సు. ఎనకున్నదే తెలవాల" అన్నాడు.

బయటికొచ్చేటప్పుడు కూడా ఆయనే ముందు. గుమ్మం దాటి పక్కన నిలబడి, ఒక్కొక్కరం బయటికి రాగానే భుజం మీద అరచెయ్యి వేసి లెక్కపెట్టాడు. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు." నాకు ముచ్చటేసింది. మా ఇళ్ళలో కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. ఆ తర్వాత రెండు, మూడు. కాటాలొచ్చాక ఆ లెక్క పోయింది. మనుషుల్ని అలా కొలవడం మాత్రం నేనెప్పుడూ వినలేదు.

అయిదు అయ్యాక ఆయన చెయ్యి దించలేదు. మా అందరి వెనకా, గుమ్మంలో, భుజమంత ఎత్తున గాలిలో చెయ్యి ఆపాడు. "ఆరు" అన్నాడు. తర్వాత చాలా మర్యాదగా, బంధువుని సాగనంపుతున్నట్టు, "నువ్వుండయ్యా" అన్నాడు. చెయ్యి దించి చెప్పులేసుకున్నాడు.

"ఆరేంది బాబాయ్? మేము అయిదుగురమే గదా?"

"ఎక్కువొస్తే ఫర్లేదమ్మాయ్. తక్కువ రాగూడదు."

"ఆ ఎక్కువ ఎవరు?"

"నాకేం తెల్సు? అడిగితే బాగుండదు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆడపడుచు ఒక చివరికి ఒదిగి కూచుంది, ఇంకొకరికి చోటు వదిలినట్టు. నేనూ ఆమెను జరగమనలేదు. ఇంటికెళ్ళాక ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం, కానీ అది ఇంటికెళ్ళాకే.

తర్వాత తెలిసింది, ఆయన దానికోసం డబ్బులడిగే మనిషి కాదనీ, భయపెట్టి పేరు తెచ్చుకునే రకం కూడా కాదనీ. రోజూ అంతే. లోపలికెళ్ళినవాళ్ళ కన్నా బయటికొచ్చినవాళ్ళు ఒకరు ఎక్కువ. చేతికి తగులుతుందా అని అడిగాను ఒకసారి. "తగలదు. చల్లగా ఉంటది" అన్నాడు. టీకొట్టు బెంచీ మీద కూచున్నవాళ్ళనీ అలాగే లెక్కపెట్టేవాడు. ఒకసారి నాతోపాటు బస్సులో వస్తూ, సత్తెనపల్లిలో బస్సు కదలబోతుంటే లేచి కండక్టరు చెయ్యి పట్టుకున్నాడు. "ఒకడు రాలా" అన్నాడు. కండక్టరు టిక్కెట్ల మిషను చూపించి, అందరూ ఉన్నారు కూచోమని కసురుకున్నాడు. ఈయన చెయ్యి వదల్లేదు. అంతలో మరుగుదొడ్ల వైపు నుంచి పంచె ఎగగట్టుకుని ఒక పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. బస్సంతా నవ్వింది. ఈయన మాత్రం నవ్వలేదు, నుదుటి చెమట తుడుచుకుని కూచున్నాడు.

అయిదేళ్ళ కిందట బిలం కమిటీవాళ్ళు మా ప్రెస్సుకొచ్చారు. లోపల శివలింగం ఉంది కాబట్టి దానికో కమిటీ ఉండేది. కరెంటు లైట్లు పెట్టించాం, ఇంక ఒక్కడి కోసం జనం గంటలు గంటలు కూచోవాల్సిన పనిలేదు, చిన్న పుస్తకం వేద్దాం, చూసుకుంటూ వాళ్ళే వెళ్ళొస్తారు అన్నారు. హాలండావిడ గీసిన కాగితం తెచ్చారు. అందులో శివలింగం గది దాకానే కాదు, దాని ఎడమపక్క నుంచి లోపలి గదికి వెళ్ళే సన్నదారి కూడా ఉంది.

రెండో రోజు ఆయన ఒక్కడే వచ్చాడు. కౌంటరు దగ్గర నిలబడి, నా వెనక పేపరు కట్టలవైపు చూస్తూ అన్నాడు.

"లోగది దారి ఎయ్యబాక అమ్మాయ్."

"కమిటీ వేయమంది బాబాయ్. కాగితంలో ఉంది గదా."

"ఆ కాయితం నాకిచ్చింది. నేను ముందుంటానని ఇచ్చింది."

"పుస్తకమైనా దారే చూపిస్తుంది. నువ్వే చెప్పావు గదా, వాళ్ళ భాషలో మనిషికీ పుస్తకానికీ ఒకటే మాటని?"

తన మాట తనకే అడ్డం తిరిగేసరికి దెబ్బతిన్నాడని నాకు తెలుస్తూనే ఉంది. గెలిచానని కొంచెం సంతోషం కూడా వేసింది, దాచుకోవడమెందుకు.

"ఒకటే మాట ఎట్టా పెట్టారో ఆళ్ళు" అన్నాడు చివరికి. "పుస్తకం దారి చూపిచ్చిద్ది. ఎనక్కి తిరిగి చూడదు గదా."

నేను వేశాను. ఆ మ్యాపును సరిగ్గా నడిమి పేజీల్లో పెట్టాను, పిన్నులున్న చోట, పుస్తకం విప్పగానే రెండు పేజీలూ బల్లపరుపుగా తెరుచుకునేలా. లోగది దారి ఎర్రగీత. నా పనిలో నాకు బాగా గర్వమనిపించిన వాటిలో అదొకటి. వెనక అట్ట మీద మా ప్రెస్సు పేరు, ఊరు వేసుకున్నాను. ఆయనకో కాపీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని, "చానా బాగుందమ్మాయ్" అన్నాడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం రాదు. నిజంగానే బాగుందనుకున్నాడు.

పుస్తకం వచ్చాక ఆయన్ని ఎవరూ పిలవలేదు. కమిటీ గుమ్మం దగ్గర కొత్తగా ఒక వాచ్‌మన్ని పెట్టింది. ఆయన మాత్రం మానలేదు. పొద్దున్నే వచ్చి లోపల శివలింగం గదిలో కూచునేవాడు, ఎవరన్నా తికమకపడితే చెయ్యి పట్టుకుని తెచ్చేవాడు. సాయంత్రం అందరూ బయటికి వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి భుజాలు లెక్కపెట్టేవాడు. లోపలికెళ్ళేటప్పుడు లెక్కపెట్టడం వాచ్‌మన్ పని. నీ లెక్కే నేర్పు అని కమిటీవాళ్ళంటే ఆయనే అతనికి నేర్పాడు.

ఆ శ్రావణంలో నేను రెండో ముద్రణ కట్టలు దింపడానికి వెళ్ళాను. ముసురు పట్టింది. ఆటో తిరిగి సాయంత్రం గానీ రాదన్నారు, సరే అని వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాను. మొదట ఒక కుటుంబం వచ్చింది, నలుగురు. అతను ఒక్కొక్కరినీ చూపుడువేలితో చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టాడు. "లాభం, ఒకటి, రెండు, మూడు."

నాకు నవ్వొచ్చింది. అతను క్వారీ మనిషి, ఇంట్లో గింజలు కొలిచిన వంశం కాదు. లాభం అంటే లెక్క మొదలుపెట్టే ముందు చెప్పుకునే మంచిమాట అనుకున్నాడు. నలుగురు వెళితే అతని లెక్కలో ముగ్గురు, తర్వాత వచ్చేవాళ్ళని ఇక నాలుగు నుంచి లెక్కిస్తాడు. చెబుదామనుకున్నాను. అతను చిన్నబుచ్చుకుంటాడేమో అనిపించింది. అంతలో ఫోన్ మోగింది, ఎవరిదో పెళ్ళికార్డులో ముహూర్తం తప్పుపడిందని గోల. లేచి అటు వెళ్ళాను. తర్వాత ఎంతమంది వచ్చారో నేను చూడలేదు.

సాయంత్రం అందరూ బయటికొచ్చారు. బాబాయ్ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాడు. పదకొండు. ఆ తర్వాత చెయ్యి గాలిలోకి లేవలేదు. అది నేను మొదటిసారి చూడటం. ఆయన తన అరచెయ్యి వంక చూసుకున్నాడు, లోపలికి చూశాడు.

"ఎంతమంది పోయారు?" అని అడిగాడు వాచ్‌మన్ని.

"పదకొండు."

"తక్కువొచ్చింది" అన్నాడు ఆయన.

"పదకొండు పోయారు, పదకొండు వచ్చారు. తక్కువేంది తాతా?"

"తక్కువొచ్చింది" అని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. కమిటీవాళ్ళు ఇద్దరు లైట్లు పట్టుకుని వెంట వెళ్ళి, శివలింగం గది దాకా చూసి వచ్చేశారు. ఎన్నాళ్ళనుంచో ఒకరు ఎక్కువొచ్చారని చెప్పే మనిషి ఇవాళ ఒకరు తక్కువంటే ఎవరు పట్టించుకుంటారు? ముసలాయనకు మతి సరిగా లేదన్నారు. నా ఆటో వచ్చింది. ఎక్కేశాను. రాజుపాలెం దాటాక, వాన మొహాన కొడుతుంటే, పొద్దుటి లెక్క ఒక్కసారిగా గుర్తొచ్చింది. లాభం, ఒకటి, రెండు. వాచ్‌మన్ పదకొండన్నాడంటే లోపలికెళ్ళింది పన్నెండుమంది.

అప్పుడు ఫోన్ చేసి ఉండాలి. చేతిలోనే ఉంది ఫోన్.

చెయ్యలేదు. ఎవరో ఒకరు మధ్యలో బయటికొచ్చి వెళ్ళిపోయి ఉంటారు, వాచ్‌మన్ టీకి వెళ్ళినప్పుడు వచ్చి ఉంటారు అని నాకు నేనే చెప్పుకున్నాను. అట్ట మీద మా ప్రెస్సు పేరుంది, ఎర్రగీత నాది. ఏదైనా అయితే ముందు నన్నే పిలుస్తారు. అదీ అసలు భయం.

మూడో రోజు ఆయన మా ప్రెస్సుకొచ్చాడు. ఒంటి నిండా తెల్లటి సున్నపు బురద, మోకాళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. నరసరావుపేట దాకా బస్సులో ఎలా రానిచ్చారో. లోగది దాకా వెళ్ళాడట. దాని అవతల గుంటలోకి వాననీళ్ళు దిగి దారి మూసుకుపోయిందట. స్టేషన్‌కి వెళితే తప్పిపోయిన మనిషి పేరేంటి, ఊరేంటి అన్నారు. పేరూ ఊరూ లేని మనిషి కోసం నీళ్ళలో దిగేవాళ్ళని పిలిపించలేమన్నారు. ఎవరన్నా ఒక్కరు, చదువుకున్నవాళ్ళు, లెక్క తప్పిందని చెబితే చాలట.

"నువ్వు పొద్దుటినుంచీ ఆడి పక్కనే ఉన్నావు గదమ్మా. ఏమన్నా ఇన్నావా?"

జీవితంలో మొదటిసారి ఆయన నా వెనక్కి కాకుండా నా కళ్ళలోకి చూశాడు.

"లేదు బాబాయ్" అన్నాను.

"సరేనమ్మా" అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

మనిషి తప్పిపోయాడని ఆ నెలలో ఎవరూ రాలేదు. ఆ ఏడాదీ రాలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. చూశావా, ఎవరూ లేరు అనుకున్నాను. ఆయన మాత్రం రోజూ వెళ్ళి, సన్నదారి మొదట్లో కూచుని, మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం అక్కడే తినేవాడట. తినేముందు ఒక ముద్ద పక్కన పెట్టేవాడట. నాలుగేళ్ళు. కాళ్ళు పడిపోయేదాకా. సాయంత్రాలు గుమ్మంలో భుజాలు లెక్కపెట్టడం మానేశాడని చెప్పారు. ఎక్కువ రావడం ఆగిపోయిందో, ఆయనకు లెక్క మీదే నమ్మకం పోయిందో నేను అడగలేదు. నేనసలు అటు వెళ్ళడమే మానేశాను.

ఈ ఎండాకాలం మొదట్లో ఒకామె మా ప్రెస్సు వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కృష్ణ అవతల నుంచి వచ్చానంది. కొంగులోంచి మా పుస్తకం తీసి బల్లమీద పెట్టింది.

"అక్కా, ఇది మీరే ఏసిన్రా?"

తెరిచాను. నడిమి పేజీలు లేవు. పిన్నుల దగ్గర జాగ్రత్తగా విడదీసి తీసుకున్నారు.

ఆమె భర్త తాపీమేస్త్రి. గురజాలలో ఒక ఇంటి పనికి వచ్చాడు. ఇద్దరికీ ఏదో మాటా మాటా పెరిగి, ఫోన్ ఇంట్లోనే విసిరికొట్టి వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. నెలల తరబడి పనుల మీద తిరిగే మనిషి, ఎక్కడో ఉన్నాడనుకున్నారు. ఆ తర్వాత ఎవరో పుట్టించారు, ఇంకొకామెతో ఉంటున్నాడని. నాలుగేళ్ళు ఊరంతా ఆమెను అదే కళ్ళతో చూసింది. మొన్న అతనితో పనిచేసిన మేస్త్రి ఒకడు, అతని పనిముట్ల సంచి తన దగ్గరే ఉండిపోయిందని తెచ్చిచ్చాడు. తాపీ, మట్టపలక, వాటి అడుగున ఈ పుస్తకం.

"ఈ గుట్ట కాడికి పోయిండేమో అని... మీకేమన్నా తెలుసా అక్కా?"

ఆ పూటే ఆమెను తీసుకుని బయల్దేరాను. బాబాయ్ మంచం మీద ఉన్నాడు, కూతురు ఒక పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టింది. నాతో వచ్చినామె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. ఫోటో చూపించబోతే వద్దన్నాడు.

"ఎడం కాలు కొద్దిగా ఈడుస్తాడామ్మా?"

ఆమె బిత్తరపోయింది. "పరంజా మీద నుంచి పడ్డప్పటి సంది. మీరు చూసిన్రా ఆయన్ని?"

"చూళ్ళా. అడుగుల చప్పుడు ఇంటా ఉండేవాణ్ణి. నా ఎనకమాల నడిచేవాడు, గుమ్మం దాకా. ఆడనుంచి రాడు."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె మాత్రం భయపడలేదు. ఆయన మంచం పట్టె పట్టుకుని నేల మీద కూచుంది.

"అయితే నన్ను ఇడిసిపెట్టి పోలేదన్నట్టే గదా తాతా?" అంది. ఆమె ఏడుస్తోంది, ఆ ఏడుపులోనే మొహం విచ్చుకుంటోంది. భర్త పోయాడన్న కబురుకి అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. ఇంక చూడను కూడా.

అప్పుడు చెప్పాను. వాచ్‌మన్ లెక్క, నేను విన్నది, విని లేదన్నది. ఆయన కళ్ళు తెరవలేదు.

"తెల్సమ్మా. మర్నాడే ఆడి లెక్క ఇన్నా. నువ్వూ ఇనుంటావని తెల్సు. నీ అంతట నువ్వే చెబుతావని చూశా" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఈసారి పేరుంది, ఊరుంది, కాగితం మీద నా సంతకముంది. నీళ్ళు అడుగంటిన రోజులు. నలుగురు మనుషులు తాళ్ళతో దిగారు. లోగది అవతల గుంట దాటాక, పొడిగా ఉన్న మెరక మీద దొరికాడు. బాబాయ్‌ని కుర్చీలో మోసుకొచ్చి బిలం గుమ్మం దగ్గర కూచోబెట్టాం. ముసుగు కప్పి తెస్తున్నప్పుడు ఆపమన్నాడు. భుజం ఉండాల్సిన చోట అరచెయ్యి వేసి, "పన్నెండు" అన్నాడు. పెదవులు కదిలాయి అంతే, పక్కన నేను ఉన్నాను కాబట్టి వినపడింది. తర్వాత ఇరవై రోజులు బతికాడు.

అతన్ని బయటికి తెచ్చిన రోజు సాయంత్రం అందరూ గుట్ట దిగుతున్నారు. అతని భార్య వెనకబడి నా పక్కన నిలబడింది. పొద్దుటినుంచీ నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"అక్కా, మీరు ఆ మూడోనాడు చెప్పుంటే బతికెటోడా?"

"తెలియదమ్మా" అన్నాను.

తెలుసు. ఆ మూడో రోజు, గ్లాసు బోర్లించి గుమ్మం దాకా వెళ్ళిన మనిషి ఆగి నాతో ఇంకో మాట అన్నాడు. నీళ్ళ అవతల నుంచి ఎవరో రాయితో గోడమీద కొడుతున్నారట, పొద్దున తను బయల్దేరేటప్పటికి కూడా కొడుతూనే ఉన్నారట. ఆ మాట నేను స్టేషన్ కాగితంలో రాయలేదు. ఆమెకూ చెప్పలేదు.